డాగ్ షో జడ్జి కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చలికాలం వస్తోంది, డాగ్ షోలు మొదలవుతాయి. సరిగ్గా ఈ సమయానికే "ఇంట్లో కూర్చుని మూడు నెలల్లో ఇంటర్నేషనల్ డాగ్ షో జడ్జి అవ్వండి" అనే ప్రకటన మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వైపు మంచి బ్రీడ్ కుక్కలు పెంచేవాళ్లలో చాలామందికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. దయచేసి దానికి డబ్బు కట్టకండి. ఆ కోర్సు నేను మొదటి నుంచి చివరిదాకా చేశాను. మొత్తం 51,500 రూపాయలు తీసుకుని వాళ్లు చేతిలో పెట్టిన సర్టిఫికెట్‌తో మన దేశంలో గుర్తింపున్న ఏ షోలోనూ ఒక్క కుక్కను కూడా జడ్జ్ చేయనివ్వరు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో బోర్డు పెట్టగలరు. వాళ్లు డబ్బు ఎలా లాగుతారో తెలుసుకుంటే మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదట ఫీజు 35,000 అంటారు. అందులోనే అన్నీ ఉన్నాయని ఫోన్‌లో కౌన్సెలర్ చెప్తారు. వీడియో క్లాసులు సగానికి వచ్చాక "ప్రాక్టికల్ సెషన్‌కు సీట్లు అయిపోతున్నాయి సార్" అని మెసేజ్ వస్తుంది, దానికి 12,000. అది అయ్యాక "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ప్రాసెసింగ్" పేరుతో ఇంకో 4,500. అప్పటికే పెట్టిన డబ్బు గుర్తొచ్చి ఎవరైనా కట్టేస్తారు. వాళ్ల ధైర్యం కూడా అదే. ఫోన్‌లో మాట్లాడిన ఆయన నాతో అన్న మాటలు నోట్ చేసుకున్నాను: "ఇది ఎఫ్‌సీఐ సిలబస్ సార్. కోర్సు అయిపోగానే క్లబ్బుల నుంచి మీకే పిలుపులొస్తాయి. షోకి ముప్పై నలభై వేలు ఎక్కడికీ పోవు." ఎఫ్‌సీఐ అంటే వివిధ దేశాల కెన్నెల్ సంస్థల (కుక్కల జాతులు, షోల వ్యవహారం చూసేవి) అంతర్జాతీయ సమాఖ్య. ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ నిజం కాదు.

క్లాసుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నమూనాగా చూపించే వీడియోలు చాలా అందంగా ఉంటాయి. పాఠాలన్నీ రికార్డ్ చేసినవే, ప్రశ్న అడిగితే జవాబిచ్చే మనిషి లేడు. బ్రీడ్ స్టాండర్డ్స్ (ఒక్కో జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే కొలతలు, లక్షణాలు) అని ఒక పెద్ద పీడీఎఫ్ ఇచ్చారు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి లాబ్రడార్లు ఉన్నాయి కాబట్టి ముందు ఆ పేజీయే తెరిచాను. మగ లాబ్రడార్ ఎత్తు 22.5 నుంచి 24.5 అంగుళాలు అని ఉంది. అది అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ల కొలత, అంటే దాదాపు 57 నుంచి 62 సెంటీమీటర్లు. ఎఫ్‌సీఐ స్టాండర్డ్‌లో మగదాని ఆదర్శ ఎత్తు 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడదానిది 54 నుంచి 56. మన దగ్గర షోల్లో చూసేది ఈ ఎఫ్‌సీఐ స్టాండర్డే. పీడీఎఫ్ చదివి షో రింగులోకి జడ్జిగా దిగినవాడు 61 సెంటీమీటర్ల కుక్కకు ఫస్ట్ ఇచ్చి, సరైన కుక్కను పొట్టిదని పక్కన పెడతాడు. ఎఫ్‌సీఐ సిలబస్ అని డబ్బు తీసుకుని అమెరికా పేజీలు అతికించారు. డోబర్‌మన్ పేజీలోనూ లోపమే. దాన్ని జడ్జ్ చేసేటప్పుడు ముఖ్యంగా చూడాల్సినవాటిలో పళ్ల లెక్క ఒకటి, మొత్తం 42 ఉండాలి. ఆ మాట పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు.

ఇది తప్పని మెయిల్ పెడితే "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు" అని ఒక్క లైను వచ్చింది. పేజీ మాత్రం మారలేదు.

ఇక ప్రాక్టికల్. ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. రింగు లేదు, కుక్కను నడిపించడానికి చాలినంత జాగా లేదు. వచ్చినవన్నీ ఎవరి ఇళ్ల నుంచో తెచ్చిన పెంపుడు కుక్కలు. పాపం వాటికి స్టాకింగ్ (జడ్జి చూడటానికి కదలకుండా సరిగ్గా నిలబడటం) అలవాటు లేదు, ఏసీ చప్పుడుకే బెదురుతున్నాయి. చిన్న జాతుల్ని టేబుల్ మీద నిలబెట్టి, పెద్దవాటిని నేల మీద చూడాలన్నది షోకు ఒక్కసారి వెళ్లినవాళ్లకు కూడా తెలుసు. అక్కడ టేబులే లేదు. పొమరేనియన్‌ను ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టారు, అది వణికిపోతుంటే చూడలేకపోయాను. నేర్పడానికి వచ్చినాయన లాబ్రడార్ పెదవి ఒక పక్క పైకెత్తి "బైట్ ఓకే" అని వదిలేశాడు. బైట్ అంటే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు. అసలైతే ముందరి పళ్లను, రెండు పక్కలనూ చూడాలి, పై పళ్లు కింది పళ్లను కత్తెరలా దగ్గరగా మూస్తున్నాయో లేదో చూడాలి, దవడ పళ్లు లెక్కపెట్టాలి. బాక్సర్‌కైతే కింది దవడ ముందుకు రావడమే సరైనది, అదే లాబ్రడార్‌లో తప్పు. మగకుక్క అయితే రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చేత్తో చూసి తేల్చుకోవాలి. ఒక అమ్మాయి దీని గురించి అడిగితే ఆయన నీళ్లు నమిలి "అది వెట్ పని" అన్నాడు. అది పశువుల డాక్టర్ పని కాదు, జడ్జి పనే.

నడక గురించి చెప్పిందీ అంతే. ఎదురుగా, వెనక నుంచి, పక్క నుంచి చూసి ముందు కాళ్లు, వెనక కాళ్లు ఎలా పడుతున్నాయో పట్టుకోవడం ఏళ్లు పట్టే విద్య. మా చేత ఆ రోజు ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు కుక్కను నడిపించి, ఫొటో తీయించి, అదే ప్రాక్టికల్ అన్నారు. ఆ ఫొటోలే ఇప్పుడు వాళ్ల కొత్త ప్రకటనలో ఉన్నాయి, నాది కూడా. తీసేయమని రాతపూర్వకంగా అడిగాను, ఇంకా తీయలేదు. ఆ ఫొటో చూసి ఎవరైనా డబ్బు కడితే నా బాధ రెట్టింపవుతుంది. ఈ పోస్టు రాయడానికి అది కూడా ఒక కారణం.

సర్టిఫికెట్ కొరియర్‌లో వచ్చింది. బంగారు రంగు ముద్ర, మీద "ఆల్ బ్రీడ్స్ జడ్జ్" అని పెద్ద అక్షరాలు. అడుగున కళ్లు చిట్లించి చూస్తేగానీ కనబడనంత చిన్నగా "విద్యా ప్రయోజనాలకు మాత్రమే" అని ఒక లైను. దాన్ని తీసుకెళ్లి షోలు నిర్వహించే క్లబ్ సెక్రటరీ ఒకరికి చూపించాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. షోలో జడ్జిగా ఎవరినైనా పిలవాలంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉన్నవాళ్లనైనా, విదేశాల్లో తమ కెన్నెల్ క్లబ్ ఆమోదం ఉన్నవాళ్లనైనా పిలవాలి తప్ప ఈ కాగితానికి విలువ లేదని చెప్పారు. ఇలాంటివి ఇంతకుముందూ తన దగ్గరకు వచ్చాయట.

అసలు జడ్జి ఎలా అవుతారో తెలిస్తే ఈ మోసం ఎక్కడుందో మీకే అర్థమవుతుంది. తెలుగులో ఈ సంగతి విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ, ఈ కోర్సు అమ్మేవాళ్లకు కలిసొచ్చింది అదే. ఎఫ్‌సీఐ 1911లో మొదలైంది, ఆఫీసు బెల్జియంలోని త్విన్‌లో ఉంది. ఆ సంస్థ మనలాంటి వ్యక్తులకు ఆన్‌లైన్‌లో జడ్జి సర్టిఫికెట్లు అమ్మదు. జడ్జిని తయారుచేసి, పరీక్ష పెట్టి, ఆమోదించేది ఆ దేశపు కెన్నెల్ సంస్థ. మనకైతే చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అభ్యర్థికి ముందు కుక్కల్ని పెంచిన, షోల్లో చూపించిన అనుభవం ఉండాలి. రింగులో జడ్జికి సాయం చేసే స్టీవార్డుగా పనిచేసి ఉండాలి. శరీర నిర్మాణం, నడక, జన్యుశాస్త్రం, ఆరోగ్యం, స్వభావం, బ్రీడ్ స్టాండర్డ్, జడ్జింగ్ పద్ధతి, షో నిబంధనలు, వీటన్నిటి మీద రాత పరీక్ష ఉంటుంది. అది దాటాక అనుభవజ్ఞుడైన జడ్జి పక్కన ట్రైనీగా నిలబడి, ఒక్కో కుక్క మీద క్రిటిక్ (మంచిచెడుల అంచనా) రాసి, అసలు కుక్కల మీద పరీక్ష ఇవ్వాలి. మొదట ఒకటో రెండో బ్రీడ్లకు అనుమతి వస్తుంది. ఆ తర్వాత గ్రూపు. ఎఫ్‌సీఐ జాతులన్నిటినీ 10 గ్రూపులుగా విడగొట్టింది. అన్ని గ్రూపులూ దాటి ఆల్ బ్రీడ్స్ జడ్జి అనిపించుకునేసరికి చాలామందికి జుట్టు నెరుస్తుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ మామూలు దారిలో కొత్త జడ్జిల నుంచి ఎన్నో ఏళ్లు కోరింది ఏమిటంటే 12 ఏళ్ల అనుభవం, సొంతంగా పెంచిన 5 లిట్టర్లు (ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒక లిట్టర్), వాటిలోంచి 4 ఛాంపియన్లు. మూడు నెలల్లో ఆల్ బ్రీడ్స్ అనేవాళ్ల మాట దీని పక్కన పెట్టి చూడండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జడ్జికి మామూలుగా ఇచ్చేది ప్రయాణ ఖర్చు, బస, భోజనం, ఏదో కొద్దిగా గౌరవ భత్యం. దీన్ని సంపాదన మార్గం అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే ఆగిపోండి. పెద్ద జడ్జీల్లో చాలామందికి వేరే వృత్తి ఉంటుంది. కుక్కల మీద ప్రేమతో శని, ఆదివారాలు ఇందులో గడుపుతారు. ఎండలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, చివరి కుక్కను కూడా మొదటి కుక్కంత శ్రద్ధగా చూసే పెద్దవాళ్లని నేను దగ్గర నుంచి చూశాను. ఆ పని మీద నాకున్న గౌరవం వల్లే ఈ బంగారు ముద్ర కాగితం చూస్తే ఒళ్లు మండుతుంది.

నేర్చుకోవాలని నిజంగా ఉన్నవాళ్లు మీ దగ్గర్లో షో పెట్టే క్లబ్ సెక్రటరీని కలిసి, రింగ్ స్టీవార్డుగా పనిచేస్తానని చెప్పండి. క్లబ్బులకు షో రోజున మనుషులు ఎప్పుడూ తక్కువే. కాటలాగ్ పట్టుకుని కుక్కల్ని వరసలో పిలుస్తూ, జడ్జి మాట రాసుకుంటూ ఒక రోజంతా ఉంటే ఆ కోర్సు మొత్తంలో నేర్పనిది నేర్చుకుంటారు. రూపాయి ఖర్చు ఉండదు, మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లే పెడతారు. ఎవరైనా కోర్సు అమ్మడానికి వస్తే "ఈ సర్టిఫికెట్‌ను కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఒప్పుకుంటుందని రాసివ్వండి" అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడినా మెయిల్‌లో రాసివ్వరు. నాకు కౌన్సెలర్ ఫోన్‌లో చెప్పినవన్నీ తర్వాత "మేం అలా అనలేదు" అయిపోయాయి. సర్టిఫికెట్ అడుగున ఉన్న ఆ చిన్న లైను చూపించి, ముందే చెప్పాం కదా అన్నారు. డబ్బు మొత్తం కట్టించుకున్నాక కొరియర్‌లో వచ్చిన కాగితం మీద ఉన్నది ముందే చెప్పినట్టు ఎలా అవుతుంది?

రిఫండ్ అడిగితే మొదట "పై వాళ్లతో మాట్లాడతాం", తర్వాత "వీడియోలన్నీ చూసేశారు కాబట్టి రాదు", ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఇప్పటికే కట్టినవాళ్లు ఏం చేయాలంటే, ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదులు, చాట్‌లు, మెయిళ్లు, సర్టిఫికెట్ రెండు వైపులా ఫొటో, ఇవన్నీ ముందు ఒకచోట పెట్టండి. చాట్‌లో మెసేజ్‌లు వాళ్లు తీసేయకముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ఆ కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి, ఆ గడువు మాత్రం మరిచిపోకండి. డబ్బు కట్టగానే వాళ్లు ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి మాయమైతే అది ఆన్‌లైన్ మోసం కిందికి వస్తుంది. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం.

మా బ్యాచ్‌లో ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు. డిగ్రీ అయ్యాక ఒక కెన్నెల్‌లో కుక్కల్ని చూసుకునే పని చేస్తున్నాడు. కుక్క ఒంటి మీద చెయ్యి వేస్తే దానికి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పేయగలడు, అంత మంచి చెయ్యి. వాళ్ల అక్క గాజులు తాకట్టు పెట్టి ఈ ఫీజు కట్టాడు. సర్టిఫికెట్ వచ్చాక సొంత ఊళ్లో సన్మానం కూడా చేశారట. ఆ సర్టిఫికెట్ చెల్లదని నేను ఫోన్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడు అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. ఇప్పుడు మేమిద్దరం, ఇంకా బ్యాచ్‌లోని కొందరం కలిసి ఫిర్యాదు వేశాం. ఇదే కోర్సుకు కట్టినవాళ్లు రసీదు తేదీ, కట్టిన మొత్తం నాకు విడిగా మెసేజ్ చేయండి. సంస్థ పేరు, ఫోన్ నంబర్లు కింద పబ్లిక్‌గా రాయకండి, ఫిర్యాదుకు ఇబ్బంది అవుతుంది.