ఇంగ్లండ్ జైళ్లలో చాప్లెన్సీ: ఖైదీ కుటుంబంగా మా అనుభవం

ఇంగ్లండ్‌లో మనవాళ్లెవరైనా జైల్లో ఉంటే, ఊళ్లో ఏదైనా జరిగిన రోజు ముందు ఫోన్ చేయాల్సింది ఆ జైలు చాప్లెన్సీకి, అంటే లోపల పనిచేసే పాస్టర్ల ఆఫీసుకి. చర్చి వాళ్లు కదా మనకెందుకులే అని హిందూ కుటుంబాలు ఆగిపోతుంటాయి. ఆగకండి.

1952 ప్రిజన్ యాక్ట్ ప్రకారం ఇక్కడ ప్రతి జైలుకీ గవర్నర్ (జైలు పెద్ద అధికారి) ఉన్నట్టే ఆంగ్లికన్ చర్చి (ఇంగ్లండ్ అధికారిక చర్చి) చాప్లెయిన్, అంటే మతగురువు, కూడా ఉండాలి. ఇప్పుడు అదే ఆఫీసులో ముస్లిం, సిక్కు, హిందూ చాప్లెయిన్లూ పనిచేస్తున్నారు. కొత్తగా వచ్చిన ఖైదీని 24 గంటల్లోపు పలకరించాలి, విడిగా సెల్‌లో పెట్టినవాళ్లనీ జైలు ఆసుపత్రిలో ఉన్నవాళ్లనీ రోజూ చూడాలి, ఏ మతం వాడైనా, అసలు ఏ మతమూ లేనివాడైనా సరే.

మా పిన్ని తెనాలిలో పోయినప్పుడు తమ్ముడు ఇక్కడ ఒక జైల్లో ఉన్నాడు. వాడు మనకి చేయాలే గానీ మనం వాడికి ఫోన్ చేయలేం. ఆ కబురు చెప్పింది ఒక పాస్టరమ్మ. సెల్ తలుపు దగ్గర నిలబడి చెప్పేసి పోలేదు, తన గదికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పి, అక్కడి నుంచే నాతో మాట్లాడించారు. ప్రార్థన చేయమంటావా అని అడిగారట, వాడు వద్దంటే సరేనని ఊరికే పక్కన కూర్చున్నారు. ఆవిడ మీద నాకున్న గౌరవమంతా అక్కడే మొదలైంది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఇక్కడ అంత్యక్రియలకి వారాలు పడుతుంది, మనకేమో సాయంత్రానికే అయిపోతుంది. కబురు నిజమని తేలకుండా ఖైదీకి చెప్పరు కాబట్టి ఆసుపత్రి కాగితం అడిగారు, అది వచ్చేసరికి దహనం అయిపోయింది, లైవ్‌లో చూసే అవకాశం పోయింది. తర్వాత అనుమతి తీసుకుని వీడియో చూపించారు. అందుకే కాగితం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకునే ఫోన్ చేయండి, దహనం ఎన్నింటికో మొదటి మాటలోనే చెప్పండి. పెద్దకర్మ రోజుకి హిందూ చాప్లెయిన్ దొరకలేదు, ఆయన వచ్చేదే వారంలో కొన్ని గంటలు. పాస్టరమ్మే జైలు ప్రార్థన గది చాపెల్లో కొవ్వొత్తి పెట్టించారు. మంచి మనసే, కానీ ఆ లోటు జైలువాళ్లు తీర్చాల్సిందే.

ఇంకోటి, పిల్లలున్నవాళ్లు ఏంజెల్ ట్రీ గురించి అడగండి. ప్రిజన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ సంస్థ క్రిస్మస్‌కి ఖైదీ పేరు మీద, అతను రాసిన మాటతో సహా, పిల్లలకి కానుక పంపుతుంది. తమ్ముడి కూతురు నాన్న రాసిన చీటీని ఇంకా దాచుకుంది.

ఖైదీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, జైలు నంబరు దగ్గర పెట్టుకోండి. వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకుంటే తిరిగి చేయడానికి మరుసటి రోజు కావచ్చు, మాకు అదే జరిగింది. అర్జెంటయితే మళ్లీ స్విచ్‌బోర్డుకి, అంటే జైలు మెయిన్ ఫోన్ నంబరుకి చేసి, డ్యూటీలో ఉన్న చాప్లెయిన్ కావాలని గట్టిగా అడగండి.