జెర్మాటా, చెర్వీనియానా?

4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరానికి ఒక పక్క స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్, మరో పక్క ఇటలీలోని చెర్వీనియా. పైన మంచు వాలులు కలిసే ఉంటాయి, స్కీలు తొడుక్కునే సరిహద్దు దాటొచ్చు. ఇంటిల్లిపాదీ తీరిగ్గా గడపాలంటే ఏ పక్క దిగాలి?

జెర్మాట్‌లోకి మామూలు కార్లను రానివ్వరు. దగ్గర్లోని టేష్ అనే ఊళ్లో కారు ఆపి, సామాన్లతో రైలెక్కాలి. ఊళ్లో పొగ లేదు, హారన్ లేదు. కానీ ఎలక్ట్రిక్ ట్యాక్సీలు చప్పుడు లేకుండా వెనకే వచ్చేస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి. స్కీయింగ్ రాని అమ్మమ్మా తాతయ్యా వెంట ఉంటే నా ఓటు జెర్మాట్‌కే. 1898లో మొదలైన గోర్నర్‌గ్రాట్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, 3,089 మీటర్ల ఎత్తుకు వెచ్చగా చేరిపోవచ్చు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

అందరూ స్కీయింగ్ నేర్చుకునే వాళ్లే అయితే చెర్వీనియా మేలు. కారు ఊళ్లోకే వెళ్తుంది, వాలులు వెడల్పుగా, నిదానంగా దిగుతాయి, భోజనం చవక. ఊరు జెర్మాట్ అంత అందంగా ఉండదు. 2,050 మీటర్ల ఎత్తు కాబట్టి మొదటి రాత్రి కొందరికి నిద్ర పట్టదు. ఇటలీ వైపు స్కీయింగ్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

రెండు దేశాల వాలుల్లోనూ చెల్లే స్కీ పాస్ వారమంతటికీ అక్కర్లేదు, ఎండ కాసే ఒక్కరోజుకు చాలు. గాలి ఎక్కువైతే కొండ పైభాగంలోని స్కీ లిఫ్టులు ఆపేస్తారు. అవతలే చిక్కుకుంటే రోడ్డు మీద గంటల ప్రయాణం, పిల్లలతో పెద్ద టెన్షన్. మధ్యాహ్నం భోజనం కాగానే వెనక్కి బయల్దేరండి.