లండన్ అద్దెలు: సాయం కోయాలా, అద్దెకు కళ్లెం వేయాలా, ఇళ్లు కట్టాలా? ఏది మేలు?

లండన్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట అద్దెల మాట రాకుండా ఉండదు. అద్దెల మాట వచ్చాక హౌసింగ్ బెనిఫిట్ (ఆదాయం తక్కువున్నవాళ్ల అద్దెకు ప్రభుత్వం ఇచ్చే సాయం) దాకా పోకుండానూ ఉండదు. "మనం ఊరి చివర ఇల్లు తీసుకుని, పొద్దున్నే ట్రైన్‌లో నిలబడి వెళ్లి ట్యాక్స్ కడుతుంటే, ఆ డబ్బుతో వాళ్లు సిటీ నడిబొడ్డున ఉంటారా?" అంటారొకరు. "అద్దెలు ఇలా ఉంటే పేదవాళ్లు ఎక్కడికి పోతారండీ?" అంటారు ఇంకొకరు.

ఈ కోపం ఎందుకు వస్తుందో నాకు అర్థమవుతుంది. మనలో చాలామంది వీసాలకు ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. స్టూడెంట్ అయినా, కేర్ హోమ్‌లో పనిచేసే ఆమె అయినా, ఐటీ ఉద్యోగి అయినా అంతే. జీతంలో ట్యాక్స్ కోత మాత్రం అందరికీ ఉంది. మనకు రానిది మన డబ్బుతో ఇంకొకరికి వస్తోందంటే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతోందో చూస్తే, కోపం చూపించాల్సింది అద్దెకుండేవాళ్ల మీద కాదని తెలుస్తుంది.

ముందు సాయం కోసేయాలన్న వాదన చూద్దాం. ఎక్కువమంది నోట వినిపించేది ఇదే. 2010 జూన్ బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్, కొన్ని కుటుంబాలకు హౌసింగ్ బెనిఫిట్ కింద ఏడాదికి 1,04,000 పౌండ్లు పోతున్నాయని చెప్పారు. అలాంటి కుటుంబాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే అయినా, ఆ అంకె మాత్రం జనం మనసులో నాటుకుపోయింది. 2011లో వారానికి ఇంతకు మించి ఇవ్వబోమని గరిష్ఠ పరిమితి పెట్టారు. నాలుగు బెడ్‌రూమ్‌ల ఇంటికి 400 పౌండ్లు. అప్పటిదాకా స్థానిక అద్దెల్లో నడిమి స్థాయిని లెక్కలోకి తీసుకునేవారు, దాన్ని అన్నిటికన్నా చవకైన 30 శాతం ఇళ్లకు మాత్రమే సరిపోయే స్థాయికి దించారు. మరుసటి ఏడు, 35 ఏళ్లలోపు ఒంటరివాళ్లకు షేరింగ్ ఇంట్లో ఒక గదికి సరిపడా మాత్రమే ఇస్తామన్నారు. అప్పట్లో లండన్ మేయర్‌గా ఉన్న బోరిస్ జాన్సన్‌ది ఆస్‌బోర్న్ పార్టీయే. ఆయన కూడా కొసోవో తరహాలో లండన్ నుంచి పేదల్ని ఏరివేయడం జరగనివ్వనని రేడియోలో అన్నారు. సొంత పార్టీలోనే అంత టెన్షన్ పుట్టించిన కోత అది.

కోత పెడితే ఓనర్లు దిగొచ్చి అద్దెలు తగ్గిస్తారని ఆశపడ్డారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2014లో తేల్చింది వేరు. కోత భారంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అద్దెకుండేవాళ్ల మీదే పడింది, ఓనర్ల మీద పడింది మిగతా ఒక్క వంతే. నాకు ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇది. "బెనిఫిట్ వల్లే అద్దెలు పెరిగాయి, తీసేస్తే దిగుతాయి" అనే వాదన దీని ముందు నిలవడం కష్టం. లండన్‌లో ఒక ఇంటి కోసం పదిమంది నిలబడి ఉంటారు. సాయం తగ్గినవాడు తప్పుకుంటే వెనకున్నవాడు అదే అద్దెకు దిగుతాడు.

ఇప్పటి లెక్క చూడండి. పనిచేసే వయసులో ఉండి, సంపాదన లేకుండానో, మరీ తక్కువ సంపాదనతోనో ఉన్న లండన్ కుటుంబానికి 2023 ఏప్రిల్ నుంచి అన్ని బెనిఫిట్లూ కలిపి ఏడాదికి 25,323 పౌండ్లు దాటకూడదు. వికలాంగులకు, ఇంకొందరికి మినహాయింపు ఉంది. నెలకు చూస్తే 2,110 పౌండ్లు. తిండి, కరెంటు, పిల్లల బట్టలు, అద్దె అన్నీ అందులోనే. 2025లో లండన్ సగటు ప్రైవేటు అద్దె నెలకు 2,200 పౌండ్లు దాటింది. అంటే తిండి మానేసి మొత్తం అద్దెకే పోసినా సగటు ఇల్లు రాదు. "నడిబొడ్డున రాజాలా ఉంటున్నారు" అనేవాళ్లు ఈ తీసివేత ఒకసారి చేసి చూడాలని నా కోరిక.

పోనీ ఊరు దాటి వెళ్లిపోతే? కొందరు వెళ్లారు కూడా. కానీ ఆఫీసులు తెల్లవారుజామున తుడిచేవాళ్లు, నైట్ బస్సులు నడిపేవాళ్లు, ముసలివాళ్లకు స్నానం చేయించేవాళ్లు ఈ ఊళ్లోనే ఉండాలి కదా. బెనిఫిట్ తీసుకునేవాళ్లలో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. జీతం చాలక తీసుకుంటున్నారు, పని చేయక కాదు. పైగా పిల్లలున్న కుటుంబం రోడ్డున పడితే 1977 చట్టం నాటి నుంచి స్థానిక పాలన చూసే కౌన్సిల్‌కు బాధ్యత ఉంది. హోటల్ గదో, తాత్కాలిక ఫ్లాటో చూపించాల్సిందే. ఇంగ్లాండ్‌లో అలా తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు లక్ష దాటాయి. ఒకే గదిలో మంచం మీద హోంవర్క్, కిటికీ గట్టు మీద రైస్ కుక్కర్, ఫ్లోర్ అంతటికీ కలిపి ఒక వాషింగ్ మెషీన్. దీనికయ్యే ఖర్చు మామూలు అద్దె కన్నా ఎక్కువ. అక్కడ కోసిన డబ్బు ఇక్కడ వడ్డీతో సహా కట్టడమే.

అలాగని ఉన్నది ఉన్నట్టు కొనసాగించడం మేలని నేననను. అద్దె సాయానికి బ్రిటన్ ఏటా సుమారు 3,000 కోట్ల పౌండ్లు ఖర్చు పెడుతోంది. ఇది అనుకోకుండా వచ్చిపడింది కాదు. 1988 చట్టంతో కొత్త అద్దెల మీద నియంత్రణ ఎత్తేశారు. మార్కెట్ అద్దె కట్టలేనివాళ్ల భారాన్ని హౌసింగ్ బెనిఫిట్ మోస్తుందని గృహనిర్మాణ మంత్రి సర్ జార్జ్ యంగ్ 1991లో పార్లమెంటులోనే చెప్పారు. చెప్పినట్టే మోస్తోంది, మోసేకొద్దీ బరువు పెరుగుతోంది.

ఇక అద్దెకు కళ్లెం వేయడం. బ్రిటన్‌కు ఇది కొత్త కాదు. 1915లో గ్లాస్గోలో మేరీ బార్బర్ నాయకత్వంలో ఆడవాళ్లు అద్దె కట్టబోమని ఎదురు తిరిగితే, ఆ ఏడాదే ప్రభుత్వం దిగొచ్చి అద్దెల్ని స్తంభింపజేసింది. అది గొప్ప విజయం, సందేహం లేదు. ఈమధ్య 2022 నుంచి 2024 మార్చి దాకా స్కాట్లాండ్ పెట్టిన పరిమితి మాత్రం మిశ్రమ ఫలితం ఇచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకు అద్దె ఎక్కువ పెరగలేదు. ఇల్లు ఖాళీ అయినప్పుడు కొత్తవాళ్ల దగ్గర పెంచుకోవడానికి అడ్డు లేకపోవడంతో ఓనర్లు అక్కడ లాగేశారు. బెర్లిన్ 2020లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. ఖాళీ ఇళ్ల ప్రకటనలు తగ్గిపోయాయి, 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్నే కొట్టేసింది.

అద్దె నియంత్రణ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లను కాపాడుతుంది, కొత్తగా వచ్చేవాళ్లను కాదు. సెప్టెంబరులో రెండు సూట్‌కేసులతో హీత్రూలో దిగే మన పిల్లలు వచ్చేవాళ్ల వరసలో ఉంటారు. అందుకే నేను సగం నియంత్రణకే ఓటేస్తాను. ఇంట్లో ఉన్నంతకాలం ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు, కారణం చెప్పకుండా ఖాళీ చేయించకూడదు. 2025 అద్దెదారుల హక్కుల చట్టం ఇంగ్లాండ్‌లో ఈ దారిలోనే కొంత దూరం వెళ్లింది. దాని ప్రకారం 2026 మే 1 నుంచి కారణం లేని నోటీసులు చెల్లవు, ఒక నెలకు మించి అద్దె ముందే అడగకూడదు. గ్యారంటీ సంతకం పెట్టే మనిషి లేడని ఆరు నెలల అద్దె ఒకేసారి తెమ్మంటే, ఇంటికి ఫోన్ చేసి నాన్నను అప్పు చేయమన్న పిల్లలకు ఈ రెండో నిబంధన విలువ బాగా తెలుసు.

మిగిలింది ఇళ్లు కట్టడం. నా మొగ్గు దీనివైపే.

ఈస్ట్ లండన్‌లో పాత కౌన్సిల్ బ్లాక్ ఒకటి ఊహించుకోండి. ఒకే మెట్లు, ఒకే లిఫ్టు, ఎదురెదురుగా రెండు తలుపులు. ఎడమవైపు ఫ్లాట్ ఇంకా కౌన్సిల్‌దే. అందులో ఉన్నావిడ తక్కువ అద్దె కడుతుంది. కుడివైపుది అందులో అద్దెకున్నవాళ్లకే కౌన్సిల్ ఎప్పుడో డిస్కౌంట్‌కు అమ్మేసింది, అది చేతులు మారి ఇప్పుడు ప్రైవేటు ఓనర్ దగ్గరుంది. అద్దె ఎదురింటి కన్నా రెట్టింపు పైనే. ఆ ఇంట్లో ఉన్న కుటుంబానికి బెనిఫిట్ వస్తే, జనం డబ్బుతో కట్టిన ఇంటికి జనమే మళ్లీ రెట్టింపు అద్దె కడుతున్నట్టు. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన 'రైట్ టు బై' చట్టం కింద ఇంగ్లాండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు ఇలా అమ్మేశారు. కొనుక్కున్న కుటుంబాల్ని నేను తప్పుపట్టను, సొంతిల్లు ఎవరికి చేదు? అమ్మిన ఇంటికి బదులు ఇంకో ఇల్లు కట్టకపోవడమే తప్పు. 2024 నవంబరులో లండన్‌లో చాలాచోట్ల ఆ డిస్కౌంట్ గరిష్ఠంగా 16,000 పౌండ్లకు తగ్గించారు. ఆలస్యమైనా మంచి పని.

కట్టడం ఈ దేశానికి చేతకాని పనేం కాదు. హారాల్డ్ మెక్‌మిలన్ గృహనిర్మాణ మంత్రిగా ఉన్నప్పుడు ఏడాదికి మూడు లక్షల ఇళ్ల లక్ష్యాన్ని 1953లో అందుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం కౌన్సిల్ ఇళ్లే. ఆయనదీ థాచర్, ఆస్‌బోర్న్‌ల కన్జర్వేటివ్ పార్టీయే అని గుర్తుంచుకోండి. వియన్నా నగరం ఇప్పటికీ రెండు లక్షలకు పైగా మునిసిపల్ ఫ్లాట్లు తన చేతిలోనే ఉంచుకుంది. అక్కడ టీచరు, ప్లంబరు ఒకే బిల్డింగ్‌లో ఉంటారు కాబట్టి "వాళ్లకెందుకు" అనే మాటకు అంత చోటుండదు.

కష్టమల్లా టైమ్‌తో. స్థలం చూసి, అనుమతులు తెచ్చుకుని, కట్టి తాళాలు ఇచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఈ నెల అద్దె ఈ నెలే కట్టాలి. అందుకని ఇళ్లు లేచేదాకా సాయం కోయకూడదు, నిజమైన అద్దెలకు తగ్గట్టు ఏటా సవరించాలి కూడా. 2016 నుంచి 2020 దాకా ఆ రేట్లను కదలకుండా బిగించి ఏం సాధించారో పైన చెప్పిన హోటల్ గదుల్లో కనిపిస్తోంది. సామాన్యులకు అందుబాటులో ఉండే ఇళ్ల నిర్మాణానికి 2025లో ప్రభుత్వం ప్రకటించిన మొత్తం పదేళ్లకు 3,900 కోట్ల పౌండ్లు. అద్దె సాయానికి ఒక్క ఏడాదిలో పోయేది 3,000 కోట్లు. ఈ నిష్పత్తి మారనంత కాలం ట్యాక్స్ కట్టేవాడి కోపమూ తీరదు, అద్దె కట్టేవాడి బాధా తీరదు.

మన వీసాలకు బెనిఫిట్ రాకపోవచ్చు. ఓటు మాత్రం ఉంది. కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి, ఇక్కడ నివాసం ఉంటున్న భారతీయులు పేరు నమోదు చేసుకుంటే కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయొచ్చు. ఈసారి ఓటు కోసం తలుపు తట్టిన అభ్యర్థిని బెనిఫిట్ ఎంత కోస్తారని అడగొద్దు. గత నాలుగేళ్లలో ఈ బరోలో (ఒక్కో కౌన్సిల్ కిందికి వచ్చే ప్రాంతం) కౌన్సిల్ ఇళ్లు ఎన్ని కట్టారు, ఎన్ని అమ్మారు, ఈ రెండు అంకెలూ అడగండి.