కాలేయ రోగుల అమైనో పొడి పేరుతో మోసం: కొనేముందు జాగ్రత్త

కాలేయ రోగుల కోసమంటూ అమైనో పొడి అమ్మే ఒక విక్రేత మా ఇంటికి నకిలీ డబ్బా అంటగట్టాడు. సిర్రోసిస్‌తో (కాలేయం గట్టిపడి పాడయ్యే జబ్బు) బాధపడుతున్న మా నాన్నగారికి ఇటీవల, కాలేయం వడకట్టాల్సిన అమ్మోనియా అనే వ్యర్థం రక్తంలో పెరిగి మెదడు మందగించింది; మాట తడబడింది, చేతులు చాపమంటే మణికట్లు రెక్కల్లా కొట్టుకున్నాయి. లాక్టులోజ్, రిఫాక్సిమిన్ అనే మందులతో తేరుకున్నాక డాక్టరుగారు బ్రాంచ్‌డ్ చైన్ అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌లోని మూడు ప్రత్యేక భాగాల) పొడి కూడా రాసిచ్చారు. దాన్నే ఈ విక్రేత దగ్గర కొన్నాను.

ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే ఆ మూడూ ప్రధానంగా కండరాల్లో ఖర్చవుతాయి; ఫినైలలనిన్, టైరోసిన్ అనే మరో రకం అమైనో ఆమ్లాల సంగతి చూసుకోవలసింది కాలేయమే. అది చేతులెత్తేస్తే మొదటివి రక్తంలో తగ్గిపోయి, రెండోవి పేరుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో సుమారు 3 ఉండే ఈ రెంటి నిష్పత్తి, మెదడు మందగించిన రోగుల్లో 1కి, ఒక్కోసారి అంతకన్నా దిగువకు పడిపోతుంది. మెదడులోకి వెళ్లే దారి రెంటికీ ఒకటే కావడంతో పోటీ లేని రెండో రకం ఎక్కువగా లోపలికి చేరుతుందని, అక్కడ నకిలీ నాడీ సంకేతాలు తయారవుతాయని ఫిషర్, బాల్డెస్సరిని అనే పరిశోధకులు 1971లో ప్రతిపాదించారు. ఆ వాదంపై తర్వాత చాలా చర్చ జరిగింది, నేడు అమ్మోనియాకే పెద్దపీట వేస్తున్నారు. అయితే కండరాలు అమ్మోనియాను గ్లూటమిన్‌గా మార్చుకోవడానికీ ఈ మూడే తోడ్పడతాయి. నకిలీ సంకేతాల గురించి ఇంత చదివిన నాకు విక్రేత మహాశయుడు నకిలీ డబ్బానే పంపి ధన్యుణ్ని చేశాడు.

‘కాలేయ రోగులకు ప్రత్యేకం’ అన్న స్టిక్కరు ఒక మూల లేచి ఉంటే గోటితో లాగాను. కింద ఉన్నది వ్యాయామానికి ముందు తాగే జిమ్ పొడి లేబుల్. పదార్థాల వరుసలో టైరోసిన్, కెఫీన్, గ్రీన్ టీ సారం దర్జాగా ముందు కూర్చుంటే, ల్యూసిన్ చిట్టచివర నక్కి ఉంది. టైరోసిన్ మామూలు తిండిలోనూ ఉంటుంది, విషమేమీ కాదు. గాఢమైన గ్రీన్ టీ సారం మాత్రం కొందరిలో కాలేయాన్నే దెబ్బతీసిన దాఖలాలున్నాయి. ఇక కెఫీన్ మరో తలనొప్పి: పగలు నిద్ర, రాత్రి మెలకువ ఈ మెదడు మందగింపు జబ్బు తిరగబెడుతోందనడానికి తొలి గుర్తుల్లో ఒకటి కాగా, నిద్ర పట్టనిది జబ్బు వల్లో పొడి వల్లో తేల్చుకునేదెలా?

ఫోన్ చేస్తే ఆయన తొణకలేదు. “అమైనో అంటే అమైనోనే కదా సార్, పెద్దాయనకు తేడా ఏం తెలుస్తుంది? నిమ్మకాయ ఫ్లేవరే పంపించాం కదా!” అన్నాడు. అసలే తికమకపడే రోగి కాబట్టి కనిపెట్టలేడన్న ధీమా ఆ గొంతులో స్పష్టంగా వినిపించింది. లేబుల్ ఫొటో పంపగానే “అంత తెలిస్తే మీరే తయారు చేసుకోండి” అని రాసి నా నంబరును బ్లాక్ చేశాడు. ఐదు నక్షత్రాల సమీక్షలను చూసి మురిసిపోయిన నన్ను అనాలి.

ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ ఒక్కొక్కటి ఎన్ని గ్రాములో లేబుల్ మీద లేని డబ్బాను కొనకండి, కొన్నదాన్ని డాక్టరుకు చూపించకుండా వాడకండి. పొడి దొరకలేదని ఇంట్లో పప్పు, పెరుగు మానిపించవద్దు. ఈ రోగులకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమని నేటి వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.