జేడబ్ల్యూబీ: బ్రౌజర్‌లోనే వికీ పేజీలు వరసగా దిద్దుకోవచ్చు

వేటపాలెంలో ఉండే మా బాబాయి ఫోన్ చేసి, "అబ్బాయ్, వికీపీడియాలో మన చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని ఇంకా ప్రకాశం జిల్లా అనే ఉన్నాయి, మార్చేవాళ్ళే లేరా?" అన్నాడు. 2022 ఏప్రిల్ 4న చీరాల, వేటపాలెం మండలాలు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి కదా. ఒంగోల్లో కూర్చుని ఒక్కో పేజీ తెరిచి దిద్దడం మొదలుపెడితే పదో పేజీకే చెయ్యి నొప్పి.

వికీ పేజీలు వరసగా దిద్దిపెట్టే ఆటోవికీబ్రౌజర్ అనే ప్రోగ్రామ్ విండోస్‌కే, నాది ఉబుంటు (లినక్స్) లాప్‌టాప్. సరే, నేనే చిన్న జావాస్క్రిప్ట్ రాసి నా కంప్యూటర్లోని పేజీ నుంచి వికీ ఏపీఐకి (ప్రోగ్రాములు వికీతో మాట్లాడే దారి) మార్పులు పంపుదామని చూశాను. వికీ కాని వేరే చోటు నుంచి పిలిస్తే బ్రౌజర్ అడ్డుపడుతుంది, ఎక్కడి నుంచి పిలుస్తున్నామో చెప్పే ఆరిజిన్ దగ్గర నక్షత్రం గుర్తు పెడితే పని జరుగుతుంది కానీ మన లాగిన్ లెక్కలోకి రాదు. దానికితోడు ప్రతి మార్పుతో పాటు పంపాల్సిన రహస్య గుర్తు, అదే ఎడిట్ టోకెన్, చివర ప్లస్, బ్యాక్‌స్లాష్ ఉంటాయి, ఆ ప్లస్‌ని ఎన్‌కోడ్ చేయకుండా (%2B అని మార్చకుండా) పంపితే అవతల ఖాళీ జాగాగా మారిపోయి బ్యాడ్‌టోకెన్ అనే తప్పు సందేశం తిరిగొస్తుంది. రెండు రాత్రులు దీనికే పోయాయి.

జేడబ్ల్యూబీలో (జావాస్క్రిప్ట్ వికీ బ్రౌజర్) ఈ టెన్షన్ ఏదీ లేదు. ఇది వికీ లోపలే నడిచే స్క్రిప్ట్, కాబట్టి మన లాగిన్‌తోనే పనిచేస్తుంది, టోకెన్ సంగతి అదే చూసుకుంటుంది. వర్గం పేరు ఇస్తే పేజీల జాబితా తెస్తుంది, ఏది తీసి ఏది పెట్టాలో చెబితే మార్చి, పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపించి, సేవ్ నొక్కేదాకా ఆగుతుంది. బాటు (తనంతట తానే దిద్దే ఖాతా) హోదా ఉన్నవాళ్ళకే అడక్కుండా సేవ్ చేసుకుపోయే ఆటోసేవ్.

ఆ ఆగడమే నాకు బాగా నచ్చింది. "ప్రకాశం జిల్లా" తీసి "బాపట్ల జిల్లా" పెట్టమన్నాను, "జిల్లాలోని", "జిల్లాకు" అన్నీ చక్కగా కుదిరాయి. అంతలో ఒక పేజీలో, 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకి 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారనే వాక్యం వచ్చింది. చూడకుండా నొక్కి ఉంటే చరిత్రే మారిపోయేది! స్కిప్ కొట్టి ఆ పేజీని చేత్తో దిద్దాను.

తెలుగులో రెజెక్స్ (వెతకాల్సిన మాటల నమూనా రాసే పద్ధతి) వాడేవాళ్ళకి ఒక మాట. జావాస్క్రిప్ట్‌లో పదం అంచుని పట్టుకునే బ్యాక్‌స్లాష్ బీ గుర్తు తెలుగు అక్షరాలకి పనిచేయదు, ఇంగ్లీషు అక్షరాలనే పదం అనుకుంటుంది. కామా, ఖాళీ, బ్రాకెట్ లాంటివి మనమే రాసుకోవాలి. జేడబ్ల్యూబీ ఫోన్‌లో మాత్రం వద్దు, పాతదీ కొత్తదీ చూపించే ఆ రెండు వరసలు అంత చిన్న తెర మీద చదవలేం.

వందల పేజీలు ముట్టుకునే ముందు తెవికీ చర్చాపేజీ రచ్చబండలో ఒక మాట చెప్పండి, ముందు పది పేజీలు చేసి చూడండి. వేటపాలెం మండలం అయిపోయింది, చీరాల ఈ ఆదివారం పట్టుకుంటాను.