తిరుపతిలో ఇంటివద్దే 'హైరిస్క్ గర్భిణి ప్యాకేజీ' తీసుకునేవారికి హెచ్చరిక

గర్భిణిని ఇంటివద్దే కనిపెట్టుకుని ఉంటామని చెప్పి తిరుపతిలో ప్యాకేజీలు అమ్ముతున్నారు. మా చెల్లెలి కోసం అలాంటి ఒకదానికి మొత్తం డబ్బు ముందే కట్టాం. వాళ్లు బీపీ కొలిచారు, రాసుకున్నారు. రాసిన అంకెను చూసే డాక్టరు మాత్రం లేరు.

చెల్లెలికి తొలి కాన్పులోనే బీపీ పెరిగి, నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారు. అందుకే ఈసారి మొదటినుంచీ హైరిస్క్ అని కార్డు మీద రాశారు. వాళ్లది చంద్రగిరి దగ్గర పల్లె. చిన్న పిల్లవాడితో మాటిమాటికీ తిరుపతి రావడం కష్టమని మరిది ఈ ప్యాకేజీ తీసుకున్నాడు. నర్సు ఇంటికి వచ్చి కొలతలు యాప్‌లో పెడుతుందని, గైనకాలజిస్టు ప్రతిరోజూ చూస్తారని చెప్పారు.

నర్సు వచ్చేది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను, తనకు చెప్పిన పని తాను చేసింది. 32 వారాలు దాటాక బీపీ 142/92 వచ్చింది, తర్వాత 148/96. యాప్‌లో ఆ అంకెల పక్కన 'నమోదైంది' అన్న మాట తప్ప మరేమీ లేదు. ఇరవై వారాలు దాటిన గర్భిణికి పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ చేరి, నాలుగు గంటల తర్వాత కొలిచినా తగ్గకపోతే డాక్టరు చూసి తీరాలి. మూత్రంలో ప్రొటీన్, రక్తంలో ప్లేట్‌లెట్లు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. 160/110 అయితే అది అత్యవసరం.

మేము ఫోను చేస్తే వచ్చిన జవాబు: "బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉంది కదమ్మా, కంగారు పడకండి." ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చేతి డాప్లర్‌లో (పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న పరికరం) చప్పుడు వినిపిస్తే ఆ క్షణాన గుండె కొట్టుకుంటోందని మాత్రమే అర్థం. మాయ (ప్లాసెంటా) నుంచి రక్తం సరిగా అందుతోందా, బిడ్డ ఎదుగుతోందా, ఉమ్మనీరు తగ్గిందా అన్నది దానితో తెలియదు. అందుకు బిడ్డ ఎదుగుదల కొలిచే గ్రోత్ స్కాన్, రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్, బిడ్డ గుండె వేగాన్ని కొంతసేపు నమోదు చేసే ఎన్‌ఎస్‌టీ వంటివి కావాలి. పైగా తల్లి బీపీకి ఆ చప్పుడు జవాబే కాదు.

ఒక రాత్రి చెల్లెలికి విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి మొదలయ్యాయి. ప్యాకేజీవాళ్ల అత్యవసర నంబరు ఎవరూ ఎత్తలేదు. 108లో తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికి బీపీ 170/112. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, బీపీ అదుపులోకి తెచ్చి, ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కొన్నాళ్లు నవజాత శిశువుల విభాగంలో ఉంచారు, ఇప్పుడు తల్లీబిడ్డలు ఇంట్లో ఉన్నారు. కాన్పు తర్వాత కూడా బీపీ ప్రమాదం ఉంటుందని, చూపించుకుంటూ ఉండాలని డాక్టర్లు చెప్పి పంపారు.

డబ్బు వెనక్కి అడిగితే నిబంధనల కాగితంలో ఒక వాక్యం చూపించారు: ఇది 'సమాచార నమోదు సేవ' మాత్రమేనట, వైద్య సలహా కాదట. ఆ కాగితం మాకు పంపింది డబ్బు కట్టాకే.

మీరు ఇలాంటిది తీసుకుంటుంటే, కొలతలు చూసే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాతపూర్వకంగా ఇమ్మనండి. బీపీ ఎంత దాటితే ఎవరు, ఎంతసేపట్లో ఫోను చేస్తారో, అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా రాయించుకోండి. రాసివ్వకపోతే పైసా కట్టకండి. మొత్తం ఒకేసారి అసలే వద్దు.

డబ్బు లేనివారు దిగులు పడనక్కరలేదు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. హైరిస్క్ అయితే కార్డుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. చిత్తూరు వైపు చాలామంది వేలూరు వెళ్తుంటారు. ఎక్కడ చూపించుకున్నా స్కాన్లు, బీపీ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. వైద్య రికార్డులు అడిగితే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన ఉంది.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. ఇదే తరహాలో మోసపోయినవారు రసీదులు, యాప్ తెరపై కనిపించే అంకెల ఫొటోలు ఇప్పుడే దాచుకోండి. మేము డబ్బు అడిగిన మర్నాడే చెల్లెలి ఖాతా మూసేశారు.