నోడవే కౌంటీకి జనవరిలో రావాలా, ఆగస్టులో రావాలా?

అమెరికాలో నోడవే కౌంటీ (మన జిల్లా లాంటిది) ముఖ్యపట్టణం మేరీవిల్‌లో ఎమ్మెస్ అడ్మిషన్ వచ్చినవాళ్ళు ఫీజు గురించి, పార్ట్‌టైమ్ గురించి, రూముల గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు గానీ వాతావరణం దగ్గరికి వచ్చేసరికి "చలి బాగా ఉంటుందా?" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. స్ప్రింగ్ ఇన్‌టేక్ అంటే జనవరి, ఫాల్ అంటే ఆగస్టు. రెండిట్లో ఏదైనా ఎంచుకునే వీలుంటే నేను ఆగస్టే అంటాను. చలి దానికి ఒక కారణం, అంతే.

ముందు ఈ కౌంటీ ఎక్కడుందో చూడండి. మిస్సోరీ రాష్ట్రానికి వాయవ్య మూల, పైన అయోవా రాష్ట్రం సరిహద్దు. కౌంటీ మొత్తం జనాభా 21 వేల చిల్లర, అందులో సగం మేరీవిల్‌లోనే. నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ పుణ్యమా అని ఆ చిన్న ఊళ్ళో తెలుగు వినిపిస్తుంది, ఊరు దాటితే మాత్రం మొక్కజొన్న, సోయా, గాలిమరలు. ఉత్తరాన కెనడా నుంచి వచ్చే చలిగాలిని గానీ, దక్షిణాన మెక్సికో గల్ఫ్ నుంచి వచ్చే తేమని గానీ ఆపే పర్వతాలు మధ్యలో లేవు, సముద్రమేమో వెయ్యి కిలోమీటర్ల పైమాటే. వైజాగ్‌లో ఎండనీ చలినీ సముద్రం కాస్త సర్దుతుంది కదా, ఇక్కడ ఆ సర్దేవాళ్ళు లేరు. అందుకే జనవరిలో ఒక మధ్యాహ్నం స్వెటర్‌తో తిరిగేలా ఉండి, గాలి దిక్కు మారితే మర్నాటికల్లా మైనస్ 15 కావచ్చు. సగటు అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. జనవరి సగటు పగలు 1–2 డిగ్రీలు, రాత్రి మైనస్ 9, ఇదంతా సెల్సియస్‌లోనే చెప్తున్నా. వినడానికి పర్లేదనిపిస్తుంది, కానీ 2021 ఫిబ్రవరి మధ్యలో రోజుల తరబడి పట్టపగలు కూడా సున్నా దాటలేదు, రాత్రిళ్ళు మైనస్ 20 కంటే కిందికి పోయింది. అలాంటి వారం ఏ ఏడాది వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. సినిమాల్లో చూసినట్టు ఇంటి కప్పులదాకా మంచు పేరుకుపోతుందని అనుకుంటారు గానీ ఇక్కడ చలికాలమే అన్నిటికన్నా పొడి కాలం, పడ్డ మంచుని కూడా కరిగించి వాననీటి లెక్కన చూస్తే జనవరి మొత్తానికి సుమారు అంగుళమే. అసలు బాధ గాలితో. కోతలైపోయాక పొలాలన్నీ ఖాళీగా ఉంటాయి, అడ్డం లేదు, పడ్డ కాస్త మంచునీ గాలి దొర్లించుకుంటూ తెచ్చి రోడ్డు మీద పోస్తుంది. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టులో దిగి ఐ-29 హైవే మీద సెయింట్ జోసెఫ్ ఊరి దాకా వచ్చి, అక్కణ్ణుంచి 71వ నంబరు హైవే పట్టుకుని పైకి రావాలి, మామూలుగా గంటన్నర ప్రయాణం. జనవరిలో ఇదే దారిలో ముందున్న కారు కనపడని పరిస్థితి రావచ్చు, బ్లాక్ ఐస్, అంటే రోడ్డు మీద పల్చగా గడ్డకట్టిన నీటి పొర, అయితే కంటికే ఆనదు. తీసుకెళ్ళడానికి వచ్చిన సీనియర్‌ది సెకండ్ హ్యాండ్ కారు, టైర్లు ఎలా ఉన్నాయో ఆయనకే తెలియాలి! మైనస్ 18 ఉన్నప్పుడు గంటకి 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా ఉంటుంది, కప్పుకోని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. చేతిలో కారు లేక క్లాసుకి నడిచి వెళ్ళేవాళ్ళకి ఈ అరగంటే ముఖ్యం. దానికి తోడు సాయంత్రం ఐదుంబావుకల్లా సూర్యుడు వెళ్ళిపోతాడు. కొత్త దేశం, కొత్త ఊరు, చీకటి, గదిలోంచి కదలని రోజులు... ఇంటి మీద బెంగ మొదటి సెమిస్టర్‌లోనే పట్టుకుంటే తేరుకోవడం కష్టం.

ఆగస్టు సంగతి వేరు. పగలు 29–30, రాత్రి 18. మనవాళ్ళు నవ్వుకుంటారు, ఇదీ ఒక ఎండేనా అని. కానీ ఉక్క ఉంటుంది, బాగానే ఉంటుంది. గల్ఫ్ తేమ ఒకటి, దాని మీద చుట్టూ ఉన్న మొక్కజొన్న. మంచి ఎండాకాలంలో ఒక ఎకరం మొక్కజొన్న రోజుకి 3,000 నుంచి 4,000 గ్యాలన్ల నీటిని ఆవిరిగా వదులుతుంది. అయినా విజయవాడ మే నెల చూసినవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు, పైగా రాత్రి ఎనిమిది దాటినా వెలుగుంటుంది, నడిచి ఊరంతా చూసుకోవచ్చు, వాల్‌మార్ట్‌కి నడిచినా ప్రాణం మీదికి రాదు. ఆగస్టు మధ్య నుంచి తొలిసారి గడ్డకట్టే చలి వచ్చేదాకా రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి గాల్లో ఉంటుంది, అలర్జీ ఉన్నవాళ్ళు మందులు తెచ్చుకోండి. చాలామందికి మొదటి ఏడాది ఏమీ కాదు, ఒకట్రెండేళ్ళ తర్వాత తుమ్ములు మొదలవుతాయి.

ఆగస్టులో వస్తే దక్కే అసలు లాభం మధ్యలో దొరికే మూడు నెలలు. సెప్టెంబరు హాయిగా ఉంటుంది, అక్టోబరు పగలు 18, రాత్రి 6 దగ్గరికి వస్తుంది, మధ్యలో ఎక్కడో తొలిసారి నీరు గడ్డకడుతుంది, నవంబరు మొదట్లో గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఒళ్ళు మెల్లమెల్లగా అలవాటు పడుతుంది. కోటు కూడా అప్పుడు ఇక్కడే కొనుక్కోవచ్చు, ఎవరు ఏం వేసుకుంటున్నారో చూసి మరీ. జనవరిలో వచ్చేవాళ్ళకి ఆ వీలు లేదు, కోటు, చేతిగ్లవ్స్, థర్మల్స్ చేతి లగేజీలో ఉండి తీరాలి. చెక్-ఇన్ బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు బయట పార్కింగ్ దాకా కూడా నడవలేరు.

జనవరికి అనుకూలంగా చెప్పాల్సింది ఒకటుంది. చలి తగ్గడమే చూస్తారు తప్ప పెరగడం కాదు, మార్చి దాటితే పచ్చదనం మొదలవుతుంది, అది మనసుకి మంచిదే. కానీ ఆ ఊపిరి పీల్చుకునే సమయానికే ఏప్రిల్ నుంచి జూన్ దాకా సుడిగాలుల (టోర్నడోల) కాలం తగులుతుంది. వానలు కూడా అప్పుడే ఎక్కువ, మే, జూన్‌లలో నెలకి అయిదంగుళాల వరకు. ఉరుముల వానలు చాలాసార్లు నెబ్రాస్కా, కాన్సాస్ వైపు సాయంత్రం పుట్టి ఇక్కడికి అర్ధరాత్రి చేరతాయి, నిద్రలో ఉండగా ఫోన్ అరుస్తుంది. టోర్నడో వాచ్ అంటే వచ్చే అవకాశం ఉంది, కనిపెట్టుకుని ఉండమని. వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా రాడార్‌లో కనిపించింది, వెంటనే బేస్‌మెంట్‌కో, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీల్లేని బాత్‌రూమ్‌కో వెళ్ళాలి, బాల్కనీలోకి వీడియో తియ్యడానికి కాదు. జనవరి బ్యాచ్‌కి చలి, టోర్నడో సైరన్లు రెండూ ఒకే సెమిస్టర్‌లో వచ్చి పడతాయి. ఆగస్టు బ్యాచ్ ఈ కాలానికి వచ్చేసరికి కాస్త పాతబడి ఉంటుంది, ఎవరి ఇంట్లో బేస్‌మెంట్ ఉందో తెలిసి ఉంటుంది.

వాతావరణం కోసమే ఆరు నెలలు ఆగమని మాత్రం అనను. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతిలో ఉండి, వీసా స్లాట్ దొరికి, లోను మంజూరైతే జనవరిలోనే రండి. క్యాంపస్‌కి నడిచే దూరంలో రూము చూసుకోండి, అద్దె ఇరవై ముప్పై డాలర్లు ఎక్కువైనా సరే. హీటింగ్ బిల్లు అద్దెలో కలిసిందో లేదో సంతకం పెట్టే ముందే అడగండి, జనవరి, ఫిబ్రవరి బిల్లులు మామూలుగా ఉండవు.

అమ్మానాన్నలని ఎప్పుడు పిలవాలన్నదానికి మాత్రం నా దగ్గర రెండో మాట లేదు: సెప్టెంబరు, అక్టోబరు. మే నెల కాన్వొకేషన్‌కే రావాలని వాళ్ళు పట్టుబడితే రానివ్వండి, కానీ వచ్చిన మొదటి రోజే బేస్‌మెంట్ మెట్లు చూపించి, ఫోన్ అలారం ఎలా మోగుతుందో వినిపించండి.